పాలగిన్నె మీద పలక

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడెంచడం దగ్గరే ఆగిపోతాననీ, మేలెంచేదాకా ఏనాడూ రాననీ మా ఆయన అంటూ ఉంటారు. అనేవాళ్లకేం, ఎన్నయినా అంటారు. ఇంట్లోకి విషం వచ్చి కూర్చున్నాక భయపడని వాళ్లెవరు?

విషమంటే నిజంగా విషమే. మా అమ్మాయి నూనె మిల్లులో పని చేస్తుంది. తినే నూనె కాదు. అడవి ఆముదం గింజలు ఆడి, ఆ నూనెను లారీల డీజిల్లో కలపడానికి పంపుతారు. ఆడగా మిగిలిన పిప్పిని మిల్లువాళ్లు చెక్క అంటారు. మా ఇంట్లో చెక్క అంటే ఆయన రంపం కిందికి వచ్చేదే కాబట్టి మేము పిప్పి అనే అంటాం. వేరే గింజల పిప్పి అయితే పశువులు ఇష్టంగా తింటాయి. ఇది తింటే పశువైనా మనిషైనా మంచం పట్టాల్సిందే, లేవడం అనుమానమే. అందుకే దాన్ని ఎవరూ తీసుకోరు. మిల్లు వెనక రెండు షెడ్లు పిప్పితో నిండిపోయాయి. మూడోది కూడా నిండితే గింజలు ఆడడం ఆపేస్తాననీ, ప్రయోగశాల గదికి తాళం వేస్తాననీ యజమాని చెప్పేశాడు. ఆ గదిలో పని చేసేది మా అమ్మాయి ఒక్కతే.

అలాంటిది ఒకరోజు గాలిలో తేలుతున్నట్టు ఇంటికి వచ్చింది. పిప్పిని క్షారపు నీళ్లలో నానబెట్టి, వడగట్టి, పుల్లటి మందేదో పోస్తే విరిగిన పాలలా తెల్లటి ముద్ద అడుక్కి చేరుతుందట. అందులో సున్నం కలిపితే కర్రను కర్రకు అంటించే జిగురు అవుతుందట.

"తినేది కాదు కదమ్మా, అంటించేది. విషమైతే మాత్రం ఏం?" అంది.

"విరిగిన పాలలా ఉంటుందంటున్నావు. మీ నానమ్మ సంగతి గుర్తుందా?" అన్నాను.

మా అత్తగారికి ఎనభై దాటాయి. చూపు తగ్గింది గానీ నోరూ చెయ్యీ తగ్గలేదు. ఏ గిన్నె కనబడినా వేలు ముంచి ఉప్పు చూడందే ముందుకు కదలరు. ఒకసారి మా ఆయన వార్నిష్ డబ్బాలో వేలు పెట్టి, "ఉప్పు చాల్లేదే అమ్మాయ్" అన్నారు.

అందుకని గట్టిగా మాట తీసుకున్నాను. జిగురు డబ్బా పొద్దున వచ్చి సాయంత్రానికి ఖాళీ అయి వెళ్లిపోవాలి. ఆ ఒక్కరోజూ అత్తగారిని మా మరిది ఇంటికి పంపేశాను.

మా ఆయన వడ్రంగి. పని కొట్టం వంటింటి పక్కనే. తండ్రీకూతుళ్లు ఆ రోజంతా పోట్లాడుకుంటూనే పని చేశారు.

"ముప్పై ఏళ్లుగా వాడుతున్న జిగురు నాది. దాని ముందు నీ పిప్పి నిలబడుతుందా?"

"పందెం నాన్నా."

"ఓడిపోతే ఏడవకూడదు."

"మీకే చెబుతున్నా ఆ మాట."

పలచని పొరలు ఐదేసి అంటించి మూరెడు పలకలు ఎనిమిది చేశారు. నాలుగు ఆయన జిగురుతో, నాలుగు అమ్మాయి జిగురుతో. గుర్తుకోసం అమ్మాయి తన పలకలకు ఒక మూల కోసింది. అయిదు వారాల తర్వాత పెట్టెల ఫ్యాక్టరీ ఆవిడ చూడడానికి వస్తుంది. ఓడల్లో పోయే సరుకుకు పెట్టెలు చేసే ఫ్యాక్టరీ అది. ఆవిడ సరేనంటే మిల్లు ఆగదు, గదికి తాళం పడదు.

నాలుగో రోజు పొద్దున వంటింట్లోకి వచ్చేసరికి పాలగిన్నె మీద ఒక పలక మూతగా ఉంది. మూల కోసిన పలక.

"అత్తయ్యా, ఇది ఎక్కడిది?"

"కొట్టంలో ఊరికే పడుంది. మూత భలే కుదిరింది చూడు."

"పాలు ఎంత తాగారు?"

"తాగనిచ్చావా? మీగడ కట్టనీ అని చూస్తున్నా."

పాలు పారబోశాను. ఆరిన జిగురు ఏమీ చెయ్యదని అమ్మాయి అంతకుముందే చెప్పింది. చదువుకున్నవాళ్లు అలాగే చెబుతారు. రేపు కూరగిన్నె మీద పెడితే? ఏది ఎవరిదో ఏరుతూ కూర్చోలేక ఎనిమిది పలకలూ గోనెలో చుట్టి పెరట్లోకి మోసుకుపోయాను. ప్రహరీ మూలన తడికర్ర ముక్కల కుప్ప ఉంది. అటు ఎవరూ పోరు. గొయ్యి తీసి, గోనెతో సహా పెట్టి మట్టి కప్పేశాను. పెట్టెల ఫ్యాక్టరీ ఆవిడ వచ్చే ముందురోజు తీసి తుడిచి పెడదామనుకున్నాను. అక్కడికి ఎవరూ ఎందుకు పోరో అప్పుడు నాకు తోచలేదు. నా బుర్రలో ఒక భయం కూర్చుంటే రెండోదానికి చోటుండదు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. కొట్టంలో పలకలు లేవని తండ్రీకూతుళ్లకు తెలుసు. ఆయనేమో అమ్మాయి మిల్లుకు పట్టుకుపోయిందనుకున్నారు. అదేమో నాన్న పైన ఎక్కడో దాచారనుకుంది. పందెం కదా, అడిగితే బెదిరినట్టు ఉంటుందని ఇద్దరూ నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు.

ఆవిడ రావడానికి ముందురోజు వాన తెరిపిచ్చాక పెరట్లోకి వెళ్లి మట్టి తీశాను. గోనె నిండా చెదల దారులు. పైనున్న పలకను పట్టుకుంటే తడిసిన పుస్తకంలా పొరలు పొరలుగా చేతిలోకి వచ్చేసింది. మిగతావి చూసే ధైర్యం లేక మట్టి మళ్లీ కప్పేశాను. మిల్లు గది తలుపూ, దానికి వేలాడే తాళమూ కళ్లముందు కనబడుతూనే ఉన్నాయి. ఆ తాళం నా చేత్తోనే వేసినట్టనిపించింది.

మర్నాడు ఆవిడ వచ్చింది. పొడుగాటి మనిషి, మగవాళ్ల బూట్లు.

"పలకలు తీసుకురండి నాన్నా," అంది అమ్మాయి.

"నువ్వే కదా పట్టుకుపోయావు?" అన్నారు ఆయన.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత, ఎందుకో, ఇద్దరూ నా మొహం చూశారు.

"పెరట్లో ఉన్నాయి. పాతిపెట్టాను," అన్నాను.

"ఏమిటీ?"

"చెదలు పట్టాయి. నన్ను ఏమన్నా అనండి గానీ, అమ్మా, పిల్ల తప్పేమీ లేదు," అని ఆవిడకు దండం పెట్టాను.

ఆయన పార తెచ్చారు. నేను పక్కన నిలబడి చీర కొంగు నలుపుతున్నాను. మొదటి పలక పొరలు విడిపోయింది. రెండోదీ అంతే. మూడో దాంట్లో చెదలు ఇంకా భోజనాల మీదే ఉన్నాయి. నాలుగోది మా ఆయన పట్టుకోగానే మట్టిగా రాలిపోయింది.

"మూలలు చూడండి నాన్నా," అంది అమ్మాయి నెమ్మదిగా. "ఒక్కదానికీ కోత లేదు."

అంటే ఆ నాలుగూ ఆయనవే. అడుగున మిగిలిన నాలుగూ తీశారు. పైపొరను చెదలు అక్కడక్కడ కొరికాయి. జిగురు తగిలిన చోట ఆగిపోయి వెనక్కి మళ్లాయి. లోపలి పొరలు అంటించిన నాటిలాగే ఉన్నాయి.

పెట్టెల ఆవిడ వంగి ఒక పలక తీసుకుని, గోరుతో అంచు గీకి, వాసన చూసింది.

"మట్టిలో ఎన్నాళ్లున్నాయి?"

"ముప్పై ఒక్క రోజులు," అన్నాను. "అందులో పద్దెనిమిది రోజులు వాన."

"రాసిపెట్టుకున్నారా?"

"లేదమ్మా. రోజూ భయపడ్డాను."

ఆవిడ నవ్వింది. "గోదాముల్లో మా పెట్టెల్ని సగం చెదలే తినేస్తున్నాయి. మా ఫ్యాక్టరీలో కూడా ఇంత కచ్చితంగా ఎవరూ పరీక్షించరు."

"మా అమ్మ భయం అంత కచ్చితంగా ఉంటుంది లెండి," అంది అమ్మాయి. అని నా భుజం మీద తల ఆనించింది.

ఆవిడ రెండిటుకల మీద పలక పెట్టి దానిమీద నిలబడింది. తర్వాత అమ్మాయి కూడా ఎక్కింది. పలక కిర్రుమనలేదు. ఆయన తన పలకల మట్టికేసి చూసుకుంటూ, "ముప్పై ఏళ్లుగా చెదలకు వండిపెట్టానన్నమాట," అన్నారు.

అత్తగారు గుమ్మంలోంచి, "ఆ నిలబడేది నా మూత మీదేనా?" అని అడిగారు.

మొదటి రెండు పీపాల జిగురు ఆ నెలలోనే పెట్టెల ఫ్యాక్టరీకి వెళ్లింది. మూడో షెడ్డు నిండలేదు. రెండోది ఖాళీ అవుతోంది. గది తాళంచెవి ఇప్పుడు మా అమ్మాయి సంచిలోనే ఉంటుంది. ఇంకో నలభై పలకలు పాతి చూడాలనీ, చోటు మారకూడదనీ, చెయ్యీ మారకూడదనీ ఆవిడ షరతు పెట్టింది. చేతికి రెండేసి తొడుగులు వేసుకుని నేనే పాతుతున్నాను.

"ఇప్పుడైనా మేలెంచవే," అంటారు మా ఆయన.

ఎంచుతూనే ఉన్నాను. కాకపోతే పెరట్లో ఇన్ని విషపు పలకలుంటే చెదలు విసిగి ఊరొదిలి పోతాయేమోనని ఒకటే బెంగ. అవి పోతే పరీక్ష ఎవరు చేస్తారు? అందుకే వారానికొకసారి, ఆయనకు తెలియకుండా, ఆయన జిగురుతో అంటించిన ముక్క ఒకటి వాటికి పెట్టి వస్తున్నాను.