నీలం అంచు దీపం

మధుసూదన్‌రావు సారు గీసిన సున్నా కాగితం వెనకవైపు కూడా తేలింది. అంత గట్టిగా గీశాడు. బెల్లంపల్లిలో డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్న వందన తెలుగు ఇంటర్నల్ పేపరు అది.

ప్రశ్న ఒక పాతకాలపు కథ మీద. పెద్దింటి కోడలు తన గదిలో రోజూ దీపం పెట్టుకుంటుంది. వత్తి ఎవరూ ఎగదోయకుండానే మంట నానాటికీ పొడుగవుతుంది, అంచున నీలం తేలుతుంది. ఒకనాడు ఆమె గడప దాటి వెళ్ళిపోతుంది. అంతే కథ. దీపం దేనికి ప్రతీక?

ఆశకు, అని గైడులో ఉంది. క్లాసులో నలభై మందీ అదే దించారు. వందన మాత్రం ప్రమాదానికి అని రాసింది.

"ఏందమ్మా ఇది? దీపమంటే ఎన్నటికైన ఆశనే," అన్నాడు సారు. "రేపు పొద్దుగాల్ల సరిగ్గ రాసుకొని రా, మార్కులేస్త. లేకుంటే పేపరు తప్పినట్టే. ఈ ఏడు బీఈడీ సీటు మర్చిపోవుడే."

ఇంట్లో జొన్నరొట్టె తడుతున్న తల్లి రాజక్క ఇది విని విసుక్కుంది. "ఆయన ఏది రాయమంటే గది రాయరాదు? నీ చెయ్యి అరుగుతదా?"

"అబద్ధం రాయాల్నా అవ్వా?"

"కథనే అబద్ధం. దాంట్ల ఇంకొకటైతే ఏమాయె?"

మంచం మీదున్న తండ్రి ఇస్తారి నవ్వాడు. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళు సర్దార్‌గా చేసినవాడు. పనిలోకి దిగేవాళ్ళకంటే ముందు పోయి, చేతిదీపంతో గాలి చూసి, లోపలికి రావచ్చో లేదో చెప్పడం ఆయన పని. "గా కథేందో సదువు బిడ్డా," అన్నాడు.

వందన చదివింది. నీలం అంచు దగ్గరికి రాగానే ఆయన లేచి కూర్చున్నాడు.

"ఆగాగు. ఆ పిల్ల ఇంక లోపట్నే ఉన్నదా? బయటికి రమ్మనరాదే!"

"కథ బాపూ."

"కథైతే ఏంది? మంటకు నీలం టోపీ లేసిందంటే గ్యాసు నిండినట్టు. పొడుగైందని సంబురపడెటోడు సర్దార్ కాడు. అందర్ని బయటికి తోలాలె."

రాజక్క చెయ్యి ఆగింది. "గా ఇంట్ల ఏం గ్యాసున్నదే?"

వందన పేజీ వెనక్కి తిప్పింది. ఆ ఇంట్లో కోడల్ని ఎవరూ కొట్టరు, తిట్టరు. అత్త పలకరించదు. మొగుడు ఒక్కసారైనా పేరు పెట్టి పిలవడు. "గదే అవ్వా. కండ్లకు కనవడది, వాసన రాదు. అందుకే రాసినాయన దీపం పెట్టిండు."

రాజక్క పొయ్యి సంగతే మరిచింది. పెనం మీది రొట్టె మాడింది. "మీ బాపు గా నీలం జూసి ఆశ అనుకుంటే, గీ కాలనీల సగం మంది బొట్టు లేకుండ ఉండెటోళ్ళం," అంది. "పో. ఒక్క ముక్క దిద్దకు."

తెల్లారి వందన ఆ పేపరుకే ఇంకో పేజీ కలిపి తెచ్చింది. గాలి చూసే పద్ధతి ఒకవైపు, కథలోని వాక్యాలు ఒకవైపు. సారు రెండుసార్లు చదివాడు.

"బాగనే రాసినవ్ గని, గిది బాయి ముచ్చట. కథ రాసినాయన ఏ బాయిల దిగిండు?"

"దిగలేదేమో సార్. మరి ఆశకు నీలం అంచు ఎందుకో మీరు చెప్పున్రి."

సారు గైడు తీశాడు. దీపం మీద నాలుగు వాక్యాలున్నాయి. నీలం మాటే లేదు. గైడు మూసి, పెన్ను ఆమె వైపు జరిపాడు. "ఆశ అని ఒక్క మాట రాయి. నేను పాస్ జేస్త. నీ మంచికే చెప్తున్న."

వందన పెన్ను తీసుకుంది. ఒక్క మాట. అది రాస్తే గడప దాటిన మనిషిని చెయ్యి పట్టి మళ్ళీ ఆ గదిలోకి నెట్టినట్టే. సున్నా పక్కనున్న ఖాళీలో రాసింది: 'ఈ జవాబు నాదే. మార్చను.' కింద సంతకం పెట్టింది.

"తప్పుతవమ్మా!"

"తప్పుత సార్. మల్ల కూసుంట, మల్ల గిదే రాస్త," అంటూ పెన్ను ఆయన ముందు పెట్టింది. "అప్పటికన్న జర గా నీలం సంగతి చూసిపెట్టున్రి."