కళ్ళు మూయని ప్రార్థన

మా ఇంట్లో ఎవరికి ఎవరి మీద కోపం వచ్చినా ముఖాన అనరు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో దేవుడికి చెప్తారు. అందరూ కళ్ళు మూసుకుని ఉంటారు కాబట్టి ఎదుటివాళ్ళ ముఖం చూడాల్సిన ఇబ్బంది లేదు. ఎవరూ మధ్యలో అడ్డు తగలడానికి వీల్లేదు. పైగా తిట్లు తిన్నవాళ్ళు కూడా చివర్న ఆమేన్ అనాల్సిందే. మా అత్తగారు నన్ను అలాగే దారిలో పెట్టింది. నేను నా కోడలు సోనీని కొంత పెట్టాను. ఇప్పుడు నా కొడుకు డానియేలు నన్ను పెడుతున్నాడు.

"ప్రభువా, మా అమ్మల ఉన్న మొండితనం తీసెయ్యి తండ్రీ. కాలుకు చెప్పు ఉందో ఊడిందో గూడ ఆమెకు తెలుస్తలేదు. అయినా బయటికి పోత అంటది. జర బుద్ధియ్యి తండ్రీ."

"ఆమేన్," అంది సోనీ, అవసరమైనదానికంటే గట్టిగా.

నా వంతు వచ్చింది. "ప్రభువా, కన్నతల్లిని కోడిపిల్ల లెక్క గంప కింద మూసిపెట్టే కొడుకులు గూడ ఉంటరు లోకంల. అసుంటోళ్లను గూడ సల్లగ సూడు తండ్రీ."

డానియేలు ఆమేన్ అనడానికి కాస్త ఆలస్యం చేశాడు.

నేను ఊరికే అనలేదు. మాది చాంద్రాయణగుట్టలో ఒక సందులో మేడ మీది వాటా. మెట్లు నిటారుగా ఉంటాయి, చెయ్యి పెట్టుకోవడానికి కడ్డీ లేదు. కింద జాలీ గేటు. ఆ గేటుకు డానియేలు తాళం వేసి, ఒక తాళంచెవి తన జేబులో వేసుకుని, ఇంకొకటి కింద ఉండే ఇంటి ఓనరు నూర్ ఖాలాకు ఇచ్చి, కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీకి వెళ్ళిపోతాడు. సోనీ బట్టల షాపులో బిల్లింగు. ఇక పొద్దంతా నేనూ నాలుగు గోడలూ.

నాకు షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది. బళ్ళో పిల్లలకు పాఠాలు చెప్పే రోజుల్లోనే అరికాళ్ళలో మంట మొదలైంది. రాత్రిళ్ళు తడిగుడ్డ చుట్టుకుని పడుకునేదాన్ని. రిటైరయ్యాక ఒక వేసవిలో ఆ మంట తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. నేనేం చేశాను? మా సంఘంలో ఎవరైనా చేసేదే చేశాను. ఆదివారం గుడిలో నిలబడి సాక్ష్యం చెప్పాను. దేవుడు నా కాళ్ళ మంట తీసేశాడన్నాను. చప్పట్లు మోగాయి. మా పాస్టరుగారి భార్య, మేమంతా అమ్మగారూ అని పిలిచే మనిషి, నన్ను కావలించుకుంది. కాళ్ళ నొప్పులవాళ్ళు నా దగ్గరికి వచ్చి ప్రార్థన చేయించుకోవడం మొదలుపెట్టారు.

తరువాత నడుస్తుంటే పరుపు మీద నడిచినట్టు ఉండసాగింది. డాక్టరు దగ్గరికి వెళ్ళాం. డానియేలు కింద మందుల షాపు దగ్గర వరసలో ఉన్నాడు. డాక్టరు నన్ను పాదాలు దగ్గర పెట్టి నిలబడమన్నాడు, కళ్ళు మూసుకోమన్నాడు. మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన చేతుల్లో ఉన్నాను.

"మంట తగ్గలేదమ్మా, నరాలు దెబ్బతిన్నాయి," అన్నాడు ఆయన. "నేల ఎక్కడుందో మీ పాదాలు చెప్పడం మానేశాయి. ఆ పని ఇప్పుడు మీ కళ్ళు చేస్తున్నాయి. నిలబడినప్పుడు కళ్ళు మూసుకోకండి. చీకట్లో నడవకండి. ఇంట్లోవాళ్ళకు చెప్పండి."

ఇంట్లో సగమే చెప్పాను. నరాలు వీకయ్యాయట అన్నాను. కళ్ళ సంగతి చెప్పలేదు. గుడిలో విజ్ఞాపన ప్రార్థన చేసేది నేను. అంటే దేశం కోసం, రోగుల కోసం, విధవరాళ్ళ కోసం సంఘమంతటి తరఫునా నిలబడి, కళ్ళు మూసుకుని దేవుణ్ణి అడగడం. ఎన్నో ఏళ్ళుగా అది నా పని. బడి పోయింది, మొగుడు పోయాడు, అది మిగిలింది. స్వస్థత పొందానని సాక్ష్యం చెప్పిన నోటితో ఇప్పుడు నిలబడలేనని ఎలా చెప్పను? సిగ్గుతో చచ్చిపోతాను.

అందుకని కొంగు కనుబొమల దాకా లాక్కుని కళ్ళు తెరిచే ప్రార్థించేదాన్ని. అందరి కళ్ళూ మూసి ఉంటాయి కాబట్టి ఎవరికీ తెలిసే అవకాశం లేదు. తెలిసినవాడు ఒక్క దేవుడు, ఆయన ఎవరికీ చెప్పడు.

ఇంట్లోనే కష్టం. ముఖానికి సబ్బు రాసుకుంటే కళ్ళు మూయాలి, మూస్తే నల్లా మీద పడతాను. నైటీ తల మీంచి వేసుకునేటప్పుడు ఆ ఒక్క క్షణం గుడ్డ కళ్ళకు అడ్డం వస్తుంది, ఇల్లు తిరుగుతుంది. కరెంటు పోతే ఉన్నచోటే చతికిలబడి వచ్చేదాకా కూర్చుంటాను. గోడ, ఫ్రిజ్, తలుపు, మళ్ళీ గోడ పట్టుకుని వంటింటికి చేరతాను. అద్దెకున్నవాళ్ళం గానీ ఈ ఇంటి గోడలు నాకు తెలిసినంతగా నూర్ ఖాలాకు కూడా తెలియవు.

ఒక బుధవారం స్త్రీల కూటం నుంచి వస్తుంటే సందులో చెప్పు ఊడిపోయింది. నాకు తెలియలేదు. ఆటో వస్తే పక్కకు జరిగి, పంక్చరు షాపు ముందు పడ్డాను. లేపారు, దులుపుకుని వచ్చేశాను. ఇంట్లోకి వచ్చాక సోనీ కెవ్వుమంది.

"అత్తమ్మా, రక్తం!"

"ఎవరిది?" అన్నాను.

తెల్ల టైల్స్ మీద గుమ్మం నుంచి నా వెనకే ఎర్రటి అచ్చులు. డానియేలు వచ్చి నా పాదం ఒళ్ళో పెట్టుకుని గాజుపెంకు తీశాడు. అది లోపలికి బాగా దిగింది. నేను మాత్రం ఎవరి కాలో చూస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాను.

"ఇగ కిందికి దిగుడు బంద్," అన్నాడు వాడు.

తాళం ఆ మర్నాడు వచ్చింది.

పుండు మానింది గానీ తాళం పోలేదు. బాల్కనీలోంచి ఫ్లైఓవరు కనిపిస్తుంది. బస్సులు పోతుంటాయి, బండ్లు పోతుంటాయి, లోకంలో ప్రతివాడికీ ఎక్కడికో పని ఉంది. ఆదివారం వాళ్ళిద్దరూ గుడికి వెళ్తూ నాకు ఫోనులో ఆరాధన పెట్టి, కుక్కరు గిన్నెకు ఆనించి వెళ్ళేవాళ్ళు. అగ్గిపెట్టెంత పాస్టరుగారు. పాట మధ్యలో అది ఆగి చక్రం తిరిగేది. నాకు ఏడుపు వచ్చేది, ఒళ్ళు మండేది. కుక్కరు గిన్నెకు ఆనించి ఆరాధన ఏమిటి!

ఒకరోజు తట్టుకోలేక పిట్టగోడ పట్టుకుని తాళంచెవి కోసం కిందికి కేకేశాను. "ఖాలా, చాబీ జర దేవ్ నా! గుడి దాక పోయొస్త."

నూర్ ఖాలా బియ్యం చేట పక్కన పెట్టి తలెత్తింది. "నక్కో సుందరమ్మా! నీ కొడుకు నాతోని కసమ్ తీస్కున్నడు. ఇంటికి అగ్గంటుకుంటెనే తియ్యాలంట."

"అయితే అంటిస్త!" అన్నాను.

ఆమె నవ్వింది. ఒట్టు మాత్రం తప్పలేదు, తాళం తీయలేదు. సాయంత్రం డానియేలు ప్రార్థనలో అగ్గిపెట్టె ప్రస్తావన వచ్చింది.

అలా ఉండగా అమ్మగారు ఫోన్ చేసింది. వచ్చేది స్త్రీల ఆదివారం. ఆ రోజు ఆరాధన మొత్తం ఆడవాళ్ళే నడుపుతారు. విజ్ఞాపన నువ్వే చెయ్యాలి సుందరమ్మా, నువ్వు రాక మూగపోయినట్టుంది అంది. ఆ మాటకు నాకు ప్రాణం లేచి వచ్చింది.

డానియేలు ఒప్పుకోలేదు. ఆ వారమంతా మా ఇంట్లో దేవుడికి నిద్ర లేదు. నేను తాళాల గురించి ప్రార్థిస్తే వాడు మెట్ల గురించి ప్రార్థించేవాడు. కూర మాడిపోయేదాకా సాగేది. చివరికి శనివారం సోనీ, ఎప్పుడూ రెండు ముక్కల్లో ముగించే పిల్ల, గొంతు పెంచింది.

"ప్రభువా, ఈళ్లిద్దరి లొల్లి నాతోని అయితలేదు. ఒక్కపారి తీస్కపొమ్మని మా ఆయనకు చెప్పు. కుర్చీల కూసోని చెయ్యమని అత్తమ్మకు చెప్పు. ఆమేన్."

దానికి ఇద్దరం ఆమేన్ అనాల్సి వచ్చింది.

మర్నాడు డానియేలు నా ముందు ఒక్కో మెట్టూ వెనక్కి దిగుతూ, నా చేతులు తన భుజాల మీద వేయించుకుని కిందికి దింపాడు. గుడిలో ముందుకు తీసుకెళ్ళి నిలబెట్టాడు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి నా వెనక వేశాడు.

"తీసెయ్," అన్నాను పళ్ళ బిగువున.

"ఉండనీ."

"కూసుండను. సంఘం ముంగట నా ఇజ్జత్ తీస్తవా?"

వాడు మగవాళ్ళ వైపు మొదటి వరసలో నడవ పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. నాకు తాళం పడడానికి కొన్ని నెలల ముందు నుంచే వాడి చోటు అదే. కొడుక్కి భక్తి పెరిగిందని పాస్టరుగారికి సంతోషం. ఫ్యాను గాలికని నా అనుమానం.

మైకు చేతికి వచ్చింది. అందరూ లేచారు, తలలు వంచారు, కళ్ళు మూసుకున్నారు. నేను కొంగు లాక్కున్నాను. నా ముందు బెంచీ లేదు, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఎదురుగా ఒక తెల్లచీర అంచు మీద చూపు నిలిపి మొదలుపెట్టాను. దేశం కోసం అడిగాను. ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళ కోసం అడిగాను. గొంతు బాగానే పలికింది. ఒళ్ళు మాత్రం అటూ ఇటూ ఊగడం మొదలైంది. తెల్లచీర ఆమె పక్కకు జరిగింది. నా చూపు దాంతోపాటు జారి, నిలవడానికి చోటు వెతుక్కుంటూ డానియేలు మీద పడింది.

అంత గుడిలో వాడొక్కడే కళ్ళు తెరిచి ఉన్నాడు. నా పాదాలకేసి చూస్తున్నాడు. ఒక కాలు ముందుకు వేసి, చేతులు సగం చాచి, పొంగబోయే పాల దగ్గర నిలబడినట్టు నిలబడ్డాడు. తలెత్తాడు. చూపులు కలిశాయి.

దొరికిపోయాననుకున్నాను. వాడి ముఖంలో ఆశ్చర్యమే లేదు. నా కళ్ళు తెరిచి ఉంటాయని వాడికి తెలుసు. డాక్టరునే అడిగాడో, చూసి గ్రహించాడో గానీ, ఎప్పటి నుంచో తెలుసు. ఈ మొదటి వరస, ఈ నడవ పక్క చోటు, అన్నీ అందుకే.

ముందు నాకు కోపమే వచ్చింది. దేవుడి ఇంట్లో కూడా కాపలా పెట్టాడు వీడు. ఇక్కడ కూడా తాళమే అనుకున్నాను. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. అయితే నేను ఇక్కడ నిలబడిన అన్ని నెలలూ వీడు ప్రార్థన ఎప్పుడు చేసుకున్నాడు? పెళ్ళయి ఇన్నేళ్ళయినా సోనీకి కడుపు నిలవడం లేదు. ఆ మాట వాడు ఇంటి ప్రార్థనలో ఎత్తడు, సోనీ ఏడుస్తుందని. అడిగితే ఇక్కడే అడుక్కోవాలి. అందరూ తలవంచి ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకునే ఈ కాస్త సమయమూ నా కొడుకు నా పాదాలు చూస్తూ గడిపేస్తున్నాడు.

నా మాట ఆగిపోయింది. ఆత్మ కదిలించిందనుకున్నారేమో, వెనక నుంచి ఎవరో "స్తోత్రం" అన్నారు.

చెయ్యి వెనక్కి చాపి కుర్చీ వెతుక్కున్నాను. కూర్చున్నాను. ప్లాస్టిక్ కిర్రుమంటే కొందరు కళ్ళు తెరిచారు. అమ్మగారు కూడా తెరిచింది. మంట పోయిందని సాక్ష్యం చెప్పిన మనిషి కుర్చీలో కూలబడటం అందరూ చూశారు. చెవులు వేడెక్కాయి. మైకు నోటి దగ్గరే ఉంది.

"ప్రభువా," అన్నాను. "నా కాళ్లల్ల స్పర్శ లేదు. కండ్లు మూస్తే పడిపోత. గీ సంగతి నీకెరుకే, ఈళ్లకు ఎరుక లేదు. ఇయ్యాల్టి నుంచి కూసోనే అడుగుత తండ్రీ."

డానియేలు నన్ను చూశాడు, కుర్చీ కాళ్ళను చూశాడు. చాచిన చేతులు మెల్లగా దించాడు. తరువాత కళ్ళు మూసుకున్నాడు. ఆ కళ్ళు మూతపడ్డాకే చూశాను, వాడి ముఖం ఎంత అలసిపోయిందో. కాసేపటికి పెదవులు కదలడం మొదలైంది.

నేను చెప్పాల్సింది అప్పటికే అయిపోయింది. అయినా ఆపలేదు. రైతుల కోసం, డ్రైవర్ల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం, నూర్ ఖాలా మోకాళ్ళ కోసం, పంక్చరు షాపువాడి కోసం, ఎవరు గుర్తొస్తే వాళ్ళ కోసం అడుగుతూ పోయాను, నా కొడుకు పెదవులు ఆగేదాకా.