పాత కుందేలు, కొత్త కుందేలు

కొత్త సంవత్సరానికి ముందు ఇల్లు కడిగినట్టే ల్యాబునూ కడగాలన్నది తైనాన్ నగరంలో మా అందరి పట్టుదల. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ టెక్నీషియన్‌ని. నేను గుడ్డ పట్టానంటే ఎదుట ఏదీ మిగలదు. ఈసారి ఫ్రిజ్‌లో 'తొమ్మిదోసారి' అని రాసున్న ఓ గొట్టం కనిపించింది. ఎవరో పిసినారి దాచుకున్న ఎంగిలి నీళ్లనుకుని పారబోశాను.

పీహెచ్‌డీ చేస్తున్న యూ-చిన్ ఖాళీ అరను చూసి అక్కడే చతికిలబడింది.

"అక్కా, అది పాత కుందేలుది."

మనిషి కణం ఎప్పుడు చీలాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ఓ ప్రోటీన్ మీద ఆ పిల్ల నాలుగేళ్లుగా పనిచేస్తోంది. దాన్ని పట్టిచ్చే యాంటీబాడీ కుందేలు రక్తం నుంచి వస్తుంది. ఆ కుందేలు ఎప్పుడో పోయింది. నేను పారబోసినవి దాని ఆఖరి చుక్కలు, తొమ్మిదిసార్లు వాడేసరికి అనవసరమైనవి వదిలిపోయి తేటపడ్డ నీళ్లు. కొత్త కుందేలుది ఉంది గానీ, అది కనిపించినదాన్నల్లా పట్టుకుంటుంది. ప్రోటీన్‌ని చూపే బొమ్మలో ఒక్క గీత రావాల్సిన చోట పద్నాలుగు. ఆ బొమ్మకు డిగ్రీ ఇవ్వరు. సోమవారం ఇలా తగలడింది, శుక్రవారం పరీక్ష.

"నాలుగు తిట్టవే. నాకు తేలిగ్గా ఉంటుంది," అన్నాను.

"తిడితే గొట్టం వస్తుందా?" అని వాళ్ల నాన్నకు ఫోన్ చేసి ఏడ్చింది. ఆయన మార్కెట్లో సోయా పులుసులో గుడ్లూ టోఫూ ఉడికించి అమ్ముతాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పులుసు; రోజూ కొంత కలుపుతాడు, ఏనాడూ పారబోయడు.

"కొత్త పులుసు ఎప్పుడూ పొగరుగానే ఉంటుంది తల్లీ," అన్నాడాయన స్పీకర్లో. "ముందు అమ్మకానికి కాని ఎముకలేసి మరిగించి, ఆ పొగరు పీల్చుకున్న ఎముకల్ని పారేస్తాం. రెండు మూడు వాయిలకు దారికొస్తుంది. మీ కుందేలు సంగతి నాకేం తెలుసు?"

యూ-చిన్ ముక్కు తుడుచుకుంది. "అక్కా, ఆ ప్రోటీన్ అసలు లేని కణాలున్నాయిగా మన దగ్గర?"

మూడు రోజులు అదే పని. ఆ కణాల రసం అంటించిన పొరల్ని కొత్త యాంటీబాడీలో నానబెట్టడం, తీసి పారేయడం. అనవసరమైనవాటిని పట్టుకునే భాగమంతా ఆ పొరలకే అంటుకుపోతుంది. కావాల్సింది నీళ్లలో మిగులుతుంది.

పారేసే పని నాకప్పగించింది. "నీకు అలవాటేగా," అంది. బుద్ధిగా చేశాను. పద్నాలుగు గీతలు ఐదయ్యాయి. గురువారానికి ఒక్కటి.

పరీక్షకులకు తిండి పెట్టడం విద్యార్థి వంతు కాబట్టి, శుక్రవారం వాళ్ల నాన్నే గిన్నె మోసుకొచ్చాడు. ఈ ఉపాయం ఎవరు నేర్పారని పరీక్షకుల్లో ఒకరైన ప్రొఫెసర్ కో అడిగితే, యూ-చిన్ తలుపు దగ్గర గిన్నె దించుతున్న మనిషిని చూపించింది. ప్రొఫెసర్ స్వయంగా కుర్చీ వేశాడు. వాళ్ల నాన్న కూర్చుని తెర మీది బొమ్మను చాలాసేపు చూశాడు.

"నాలుగేళ్లు చదివితే ఒక్క గీతేనా?"

"ఒక్కటే రావాలి నాన్నా."

"అయితే కుదిరింది," అన్నాడు.

సంతకాలయ్యేదాకా నేను గిన్నె దగ్గరికి వెళ్లలేదు. ఆ తర్వాత సిగ్గు లేకుండా మూడు గుడ్లు తిన్నాను.