మెయిన్ స్విచ్చికి దణ్ణం

నా హ్యాండ్‌బ్యాగు ప్యాకింగ్ షెడ్డులో, పనివాళ్ళందరి ముందు విప్పించారు పెద్దిరాజు గారు. ఏళ్ళు గడిచినా ఆ సాయంత్రం గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయనకు కడియంలో నర్సరీ. నేను రాజమండ్రి నుంచి రోజూ బస్సులో వెళ్ళి ఆయన ఆఫీసులో కంప్యూటర్ చూసేదాన్ని. ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజులు. ఫోన్ లైను మీద మోడెం కీచుమని అరిచి అరిచి కలిస్తే, నాగపూర్ నుంచీ పూణే నుంచీ మొక్కల ఆర్డర్లు మెయిల్లో దిగేవి.

కొన్నాళ్ళుగా ఆ మెయిల్ ప్రోగ్రాం పొద్దున్నే మొండికేస్తోంది. ఇన్‌బాక్స్ మీద నొక్కితే చాలు, ఇసక గడియారం బొమ్మ వచ్చి కూర్చునేది. పాడైన మెయిల్ లోపల ఒక్కటున్నా దాన్ని చదవలేక మొత్తం బిగుసుకుపోయేది. నేను ఆ ఇన్‌బాక్స్ ఫైలుకి పేరు మార్చి పక్కన పడేసేదాన్ని. ప్రోగ్రాం కొత్తది ఒకటి తయారుచేసుకునేది. పాతదాంట్లోంచి బాగున్న మెయిళ్ళు ఏరి అందులోకి తెచ్చుకునేదాన్ని. పగలంతా బుద్ధిగా ఉండేది. రెండ్రోజులు పోయాక మళ్ళీ అదే రోగం. రాజమండ్రి నుంచి ఉదయభాస్కర్ అనే మెకానిక్ వచ్చి, ఆడపిల్లలు ఏవేవో నొక్కేస్తారండీ అని పెద్దిరాజు గారికి చెప్పి, కాఫీ తాగి వెళ్ళాడు. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట.

అంతలో నాగపూర్ పార్టీ, ఎర్ర గులాబీలు వద్దు, పసుపువి పంపండని మెయిలిచ్చాడట. అది నా కంటపడలేదు. లారీ ఎర్రవాటితోనే వెళ్ళింది. పార్టీ ఫోన్‌లో తిట్టిన తిట్లకి పెద్దిరాజు గారి మొహం కందగడ్డయింది. నేను షెడ్డులో మొక్కలకి పేర్ల చీటీలు కడుతుంటే నేరుగా అక్కడికే వచ్చారు.

"పార్టీ మెయిలిచ్చానంటాడు. నువ్వు రాలేదంటావు. మన ఆర్డర్లు పక్క నర్సరీకి చేరేస్తున్నావేంటి? ఏదీ, బ్యాగు తియ్యి."

తీశాను. టిఫిన్ బాక్సు, దువ్వెన, గొడుగు. మొక్కల వేళ్ళ చుట్టూ మట్టి కడుతున్న కూలీ సూరమ్మ తల పక్కకి తిప్పుకుంది. ఏమీ దొరక్కపోయినా ఆయన తగ్గలేదు. కాగితమే ఇవ్వాలా, నోటితో చెప్పినా సరిపోతుందిగా అనేసి వెళ్ళిపోయారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పూటే మానేద్దును. మానేస్తే దొంగ పిల్లన్న పేరు ఖాయం, కడియంలో ఇంకే నర్సరీ నన్ను గడప ఎక్కనివ్వదు. ఆ రోగం ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చేదాకా కదలకూడదనుకున్నాను.

మర్నాడు, పక్కన పడేసిన ఆఖరి ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. పేజీల కొద్దీ పిచ్చి గీతలు. వాటి చివర, సగంలో తెగిపోయిన నాగపూర్ వాళ్ళ మెయిల్. పసుపు గులాబీల మాట అందులో ఉంది. అది దిగిన వేళ చూశాను. దీపాలు పెట్టే వేళ. అప్పటికి నేను రోజూ కంప్యూటర్ ఆపేసి, బస్సెక్కి వెళ్ళిపోయుంటాను. మరి ఆ వేళప్పుడు కంప్యూటర్ ఆన్ చేసిందెవరు?

ఆ సాయంత్రం బస్సు వదిలేసి, ఆఫీసు వెనక కుండీల పక్కన కూర్చున్నాను. చీకటి పడుతుండగా పెద్దిరాజు గారు వచ్చి, అగరొత్తి వెలిగించి, ఆర్డర్లేమైనా వచ్చాయేమో చూసుకోవడానికి కంప్యూటర్ ఆన్ చేశారు. మోడెం కీచుమంది. మెయిల్ దిగుతూ తెర మీద గీత సగం దాకా పాకింది. ఆయన విసుగ్గా లేచి, గోడ మీద మెయిన్ స్విచ్చి కిందికి లాగేసి, రెండు చేతులూ కళ్ళకద్దుకున్నారు. బోరు మోటారు ఆపాక రోజూ చేసేది అదే. కరెంటు పారే దేన్నయినా ఆయన అలాగే ఆపుతారు, దణ్ణం పెట్టి మరీ.

ఆ చీకట్లోనే లోపలికి వెళ్ళాను.

"మోటారాపితే నీళ్ళు ఆగుతాయండీ. ఇదలా ఆపితే మెయిల్ విరిగిపోతుంది. విరగ్గొట్టేది మీరు, బ్యాగు విప్పేది నేనా?"

మెయిన్ ఎత్తి, కంప్యూటర్ ఆన్ చేసి, ఇన్‌బాక్స్ మీద ఆయన చేతే నొక్కించాను. ఇసక గడియారం వచ్చి కూర్చుంది. నాగపూర్ వాళ్ళ తెగిన మెయిల్ కూడా చూపించాను. చాలాసేపు చూశారు. తర్వాత లేచి ఆఫీసు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు.

"పొరపాటైపోయిందమ్మా సూర్యకళా. మనసులో పెట్టుకోకు."

"నా బ్యాగు ఇక్కడ విప్పించలేదు కదండీ" అన్నాను.

పొద్దున్నే షెడ్డులోకి వచ్చారు. ఎవరి మొహమూ చూడకుండా, కంప్యూటర్ని పాడుచేసింది తనేననీ, ఆ అమ్మాయి తప్పేం లేదనీ చెప్పారు. చేతిలో పని ఆపకుండా సూరమ్మ అంది, "అడుసు తొక్కడమెందుకు, కాలు కడగడమెందుకు బాబుగారూ."

నా కోపం మాత్రం తగ్గలేదు. ఆ సాయంత్రం కంప్యూటర్ పద్ధతిగా ఆపేసి, షెడ్డులోకి వెళ్ళి, ఆయన ముందు బ్యాగు జిప్పు తీసి పట్టుకున్నాను. ఆ నర్సరీలో పనిచేసినన్నాళ్ళూ రోజూ అదే చేశాను. ఆయన తల తిప్పుకునేవారు. చూశానమ్మా అని ఆయన నోటితో అనేదాకా నేను జిప్పు వేసేదాన్ని కాదు.