ఏటివైపు తలుపు

ఏటివైపు తలుపుకు తరతరాలుగా గడియగా వేసి ఉన్న అడ్డమానును ఎవరో తీసి, మెట్ల మీద భద్రంగా పెట్టారు. తెరిచిన తలుపులోంచి నది లోపలికి వచ్చేసి, కోట నేలమాళిగలో నడుంలోతున నల్లగా నిలిచింది.

"ఇది వరద పని కాదు. లోపలి మనిషి పనే," అంది కోట అధికారిణి. "ఈ నేలమాళిగ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే మేడం," అన్నాడు కాపలాదారు.

"అయితే నిజం చెప్పు. లేకపోతే నీ ఉద్యోగం పోతుంది. కేసు కూడా పెట్టాల్సొస్తుంది."

కాపలాదారు తల దించుకున్నాడు. అతని వెనకాలే బావమరిది నిలబడి ఉన్నాడు. కోట చూడ్డానికి వచ్చేవాళ్లకు చరిత్ర చెప్పే గైడు అతనే.

"నిన్న తాళంచెవి ఇతనికేమైనా ఇచ్చావా?"

"వీడికా! పట్టపగలు కూడా లైటు లేనిదే ఇక్కడికి దిగడు మేడం. మా ఆవిడ గారాబం చేసి పాడుచేసింది. నేనే ఏదో మర్చిపోయుంటాను."

గైడు నవ్వలేదు. అతని చూపు నీళ్ల మీదే ఉంది.

ఆ తలుపు దగ్గర అతను రోజూ చెప్పే కథ ఒకటే. శత్రువులు పడవల్లో వస్తున్నారని తెలిసి ద్వారపాలకుడు తలుపు బిగించేశాడు. చేపలకు వెళ్లిన అతని తమ్ముడు బయటే చిక్కుకుపోయాడు. తెల్లవార్లూ తలుపు బాదాడు. అన్న తీయలేదు. కోట దక్కింది, తమ్ముడు దక్కలేదు. కథ ఇక్కడికి రాగానే గైడు పిడికిలితో తలుపు దబదబా బాదేవాడు. జనం ఉలిక్కిపడి, నవ్వుకుని, చప్పట్లు కొట్టేవారు.

నీటి కదలికకు తలుపు రెక్క రాతిగోడకు తగిలింది. దబ్... దబ్... అధికారిణి ఒక మెట్టు పైకి ఎక్కింది.

"తప్పు నాదేనని రాసుకోండి మేడం," అన్నాడు కాపలాదారు.

గైడు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఊరుకో బావా, నాకోసం నీ పొట్ట కొట్టుకోకు. మేడం, మాను తీసింది నేనే. నిన్న అందరూ వెళ్లాక, టార్చి మర్చిపోయానని తాళంచెవి అడిగి తీసుకుని దిగాను. తలుపు చప్పుడైంది. రోజూ నేను లోపల్నుంచి కొడతాను. ఇది బయట్నుంచి. 'అన్నా' అని ఎవరో పిలిచారు. నాకు తమ్ముడే లేడు మేడం. అయినా నన్నే పిలిచినట్టనిపించింది. ఇన్నేళ్లూ కథలోని ఆ తమ్ముడి చావు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నా. తీసేశాను. బయట ఎవరూ లేరు, నీళ్లే. అప్పటికి పాదాలు తడిశాయంతే, మూసేయొచ్చు. కానీ వాడు లోపలికొచ్చాడో లేదో తెలీకుండా ఎలా మూసేది?"