బాలనర్సమ్మకు రావాల్సిన బేస్తారం

నెల్లికుదురు నుంచి జైలున్న పట్నానికి రోజూ పొద్దున ఏడింటికి బొగ్గుతో నడిచే మోటరు బస్సు బయలుదేరేది. డ్రైవరు పక్కన దూది మెత్త వేసిన సీటు ఒకటి, వెనుకంతా చెక్క బల్లలు. ఎత్తు వస్తే వెనుకవాళ్లు దిగి తోయాలి. ఆ సంవత్సరం ఊళ్ల మీద రజాకార్లు పడుతున్నారు. నిజాం పోలీసులు దారిలో మోటర్లు ఆపి, జనాన్ని దింపేసి తాము ఎక్కేవాళ్లు. ముందు సీటు చిట్టీ ఉన్నవాళ్ల జోలికి మాత్రం వచ్చేవాళ్లు కాదు. మోటరు కంపెనీ పోలీసులతో అట్లా మాట్లాడుకుంది.

బాలనర్సమ్మకు ఆరో నెల. ఆమె భర్త సారయ్య దర్జీ. సంఘానికి ఎర్రజెండాలు కుట్టాడని జైల్లో వేసి నాలుగు నెలలైంది. వచ్చే గురువారం, బేస్తారం నాడు వచ్చి చూసిపొమ్మని జైలు నుంచి ములాఖత్ కాగితం వచ్చింది. మళ్లీ ఎప్పుడు ఇస్తారో తెలియదు. వెనుక బల్లకు కొన్న చిట్టీని, కాళ్ల వెండి కడియాలు ఇచ్చి ముందు సీటుకు మార్పించుకుంది. మోటరు ఏజెంటు రాజమౌళి తన చేత్తోనే రాసి ముద్ర కొట్టాడు.

తీరా ఆ పొద్దు ముందు సీట్లో దొర గుమాస్తా కూర్చొని ఉన్నాడు.

"ఇయ్యాల్టికి జర వెనక కూసో అక్కా" అన్నాడు రాజమౌళి, ఆమె ముఖం చూడకుండా.

కేసముద్రం దగ్గర పోలీసులు ఆపారు. బాలనర్సమ్మ చిట్టీ చూపించింది. "కూసున్నది వెనకనే గదా, దిగు" అన్నాడు జవాను. మోటరు పోయింది. ఆమె పొట్ట పట్టుకొని నడుచుకుంటూ పొద్దుగూకే వేళకు ఇల్లు చేరింది.

మరునాడు ఊరంతా శుక్రవారం అయింది. ఆమె ఇంట్లో కాలేదు. ముందుగా చూసింది పక్కింటి ముత్తమ్మ. పొయ్యి మీద గంజి నిన్నటి వేడితోనే ఉంది. ముత్తమ్మ తన ఇంటికి పోయి పాలకుండ తెచ్చి ఆ ఇంట్లో మూలకు పెట్టింది, పాలు విరగకుండా ఉంటాయని. పెళ్లివాళ్లెవరో పూల బుట్ట తెచ్చి పెట్టుకున్నారు. "బేస్తారం ఇంట్ల పెట్టినం" అని చెప్పుకునేవాళ్లు, అంతే. బాలనర్సమ్మ కడుపు మాత్రం పెరగలేదు.

శనివారం కబురొచ్చింది. శుక్రవారం పొద్దున్నే జైలు నుంచి ఆరుగురిని లారీలో అడవి దిక్కు తీసుకుపోయారు, లారీ ఉత్తగా తిరిగొచ్చింది. ఆరుగురిలో సారయ్య పేరుంది.

బాలనర్సమ్మ ఏజెంటు దగ్గరికి పోయింది.

"నీ కడియాలు వాపస్ తీస్కో. గంతకన్న కంపెనీ ఏం జేస్తది?"

"కడియాలు నాకెందుకు? నా బేస్తారం నాకియ్యి. ముందు సీటు మీద కూసోబెట్టి జైలు కాడ దింపు."

"అయిపోయిన దినం యాడికెల్లి తేవాలె?"

"అయిపోలే. నా ఇంట్లనే ఉన్నది. గడప దాటితే మీ దినాలు తగులుతున్నయి."

రాజమౌళి కాదనలేదు. పైకి రాస్తానన్నాడు. వారం తర్వాత పోతే జవాబు రాలేదన్నాడు. ఆ పై వారం మేనేజరు ఊళ్లో లేడన్నాడు. రెండు నెలలు అట్లాగే తిరిగింది. పోవడం, నిలబడడం, రావడం. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఇదంతా రోజూ చూస్తున్న డ్రైవరు గోప్యా ఒకనాడు ఆమె వెనుకే వచ్చాడు. "అక్కా, దినాన్ని నువ్వు బయటికి తేలేవు. మోటర్నే నీ ఇంటికి తెస్త."

మరునాడు మోటరును వెనక్కి నడిపి, మెట్టు ఆమె గడపకు ఆనేదాకా తెచ్చాడు. ఆమె నేల మీద అడుగు పెట్టకుండా ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. ఊరి చివర దొర గుమాస్తా చెయ్యెత్తితే, "సీటు అక్కది" అని గోప్యా మోటరు ఆపలేదు. కేసముద్రంలో అదే జవాను చిట్టీ చూసి, ఆమెను వదిలి వెనుకవాళ్లను దింపాడు. జైలు గేటు దగ్గర కాగితం చూశారు. తారీఖు సరిపోయింది.

ఇనుప జాలీ అవతల సారయ్య చిక్కిపోయి ఉన్నాడు. "లోపల బిడ్డ మంచిగున్నదా?" అన్నాడు.

"రేపు పొద్దుగాల లారీ వస్తది. నీ పేరు పిలుస్తరు. ఎక్కినవా, మళ్ల రావు."

అతను ఆమెను నమ్మాడు. అయినా, "పిలిస్తె పోకుండ ఎట్లుంట? నా చేతుల ఏమున్నది?" అన్నాడు.

గంట కొట్టారు.

ఆమె ఇల్లు చేరేసరికి ముత్తమ్మ పాలు విరిగిపోయాయి, పూలు నల్లబడ్డాయి. రెండు నెలలూ ఒక్కసారే కడుపులోకి దిగాయి. నెల తిరక్కముందే ఆడపిల్ల పుట్టింది.

యూనియన్ మిలిటరీ వచ్చాక జైళ్లు తెరిచారు. సారయ్య ఇంటికొచ్చాడు. కుడి చేతికి మూడు వేళ్లు లేవు. ఆ బేస్తారం సాయంత్రమే జైల్లో పిండి విసిరే చోట తిరగలి రాతి కింద తనే చెయ్యి పెట్టాడు. దవాఖానలో పడేశారు. పొద్దున లారీ అతను లేకుండానే పోయింది.

బాలనర్సమ్మ ఆ చేతిని ఒళ్లో పెట్టుకొని ఏడ్చింది. కళ్లు తుడుచుకొని అడిగింది, "మరి లారీల అయిదుగురే పోయిన్రా?"

సారయ్య గోడ దిక్కు చూశాడు. "ఆరుగురే. ఒకడు తక్కువైండని కురవి పోశాలును ఎక్కించిన్రు. నా పక్కన పండుకునేటోడు."

నాలుగో రోజు బాలనర్సమ్మ పిల్లను చంకనేసుకొని కురవి దాకా నడిచింది. పోశాలు భార్య కట్టమ్మ వాకిట్లో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. బాలనర్సమ్మ ఆమె ముందు కూర్చొని, మోటరు దగ్గర మొదలుపెట్టి ఏదీ దాచకుండా చెప్పింది.

"నీకేమియ్యాల్నో నాకు తెలుస్తలేదక్కా. నువ్వే అడుగు."

కట్టమ్మ ఇంకో గింజ తీసి పక్కన పడేసింది.

"మీ ఆయన చెయ్యి మానిందా?" అంది.