తూర్పు చూసిన సింహాలు

ఖతార్‌లో, లుసైల్‌లోని ఒక హోటల్లో సాయంత్రం పాతకాలపు యూరప్ రాజుల పద్ధతిలో విందు. గోడ పొడుగునా పన్నెండు కర్రలకు పన్నెండు సింహాల జెండాలు అక్కడ పనిచేసే జగిత్యాల నర్సింలే కట్టాడు. పని బాగుంటేనే మనవడి తొట్టెల పండుగకు ఊరికి వెళ్ళడానికి సెలవు కాగితం మీద సంతకం పెడతానన్నాడు మేనేజర్ కృష్ణప్రసాద్.

ఆయన వచ్చీ రాగానే తల పట్టుకున్నాడు. "కొంప ముంచావయ్యా! గుర్రం మీద పోతుంటే కర్ర ముందుంటుంది, బట్ట వెనక ఎగురుతుంది. సింహం కర్ర వైపే చూడాలి. కర్రకు వీపు చూపిస్తే యుద్ధం నుంచి పారిపోతున్నట్టే. నీవి పన్నెండూ పారిపోతున్నాయి!"

"అట్ల కడితే పడమర చూస్తయి సార్. వాస్తు కాదని నేనే బట్ట తిప్పి కట్టిన."

"రాజులకు వాస్తేంటయ్యా? పావుగంటలో జెండాల నిపుణుడొస్తున్నాడు. సెలవూ లేదు, గిలవూ లేదు!"

నర్సింలు గోడ వైపు చూశాడు. చివరిది తప్ప ప్రతి జెండా తూర్పు అంచూ పక్క జెండా కర్రను తాకుతోంది.

"సింహాలను తిప్పుడెందుకు సార్? ఇటు ముడి ఇప్పి, అటు పక్క కర్రకు కడదాం. మొదటి కర్ర ఖాళీ అయితది, దాన్ని తీస్కపోయి చివర నిలబెడదాం. యల్లా, జల్ది సార్!"

నిపుణుడు గుమ్మంలో అడుగుపెట్టేసరికి పన్నెండు సింహాలూ కర్రల వైపు గర్జిస్తున్నాయి. ఆయన మురిసిపోయి, అన్నీ తూర్పుకే చూస్తున్నాయేమని అడిగాడు.

"వాస్తు సార్," అన్నాడు కృష్ణప్రసాద్ గర్వంగా. "నా ఐడియానే."

నర్సింలు సెలవు కాగితం, పెన్ను ఆయన ముందుకు చాపాడు.